మోరా పలక

"ఈ కాంబో ఎంత సులువంటే, మా ఇంట్లో వంట చేసే వదినకు కూడా అర్థమయ్యేట్టు చెప్తాను, చూడండి."

ముందు గదిలోంచి ఆ మాట వినపడినప్పుడు ఉషారాణి గోరుచిక్కుడు కాయలకు నార తీస్తూ ఉంది. చేతిలో ఉన్న కాయను విరవకుండా కాసేపు అలాగే పట్టుకుంది. ఏ మీట తర్వాత ఏ మీట నొక్కితే ఆ దెబ్బల వరస తెగకుండా వస్తుందో నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని కనిపెట్టి, గీతల నోటుపుస్తకంలో రాసి ఇచ్చింది తనే. అందులో సులువు అన్న మాట లేదు. వంట మాట అసలే లేదు.

ఫణికృష్ణ ఆమె మరిది. మార్కాపురంలో కూర్చుని వీడియో గేముల మీద తెలుగులో సమీక్షలు చెప్పే అతని ఛానెల్‌ను అరవై వేల మంది చూస్తారు. ఫైటింగ్ గేముల సమీక్షలంటే వాళ్ళకు మరీ ఇష్టం. తెర మీద మాట్లాడే మొహం ఫణిది. కింద మూలన చిన్న చదరంలో కంట్రోలర్ పట్టుకుని కనిపించే రెండు చేతులు ఉషారాణివి. ఆ చేతులకు అతని నల్లటి ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, ఎడమ మణికట్టుకు అతని వాచీ కట్టుకుని ఆమె ఆడుతుంది. గాజులు తీసి టీవీ పక్కన స్టీలు గిన్నెలో పెడుతుంది. చెయ్యి బోసిగా ఉండకూడదని ఒక్కో గాజు మాత్రం చొక్కా లోపల మోచేతి దాకా ఎగదోసుకుంటుంది. వైశాఖం ఎండలకు ఆ చొక్కాలో చెమట ధారగా కారుతుంది.

రికార్డింగ్ అయ్యాక ఫణి మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చాడు.

"బాగా వచ్చిందా వదినా?"

"ఆ వంట మాట ఎందుకు?"

"జోకు వదినా. కామెంట్లలో నవ్వుతారు."

"సులువు అని కూడా అన్నావు. అది సులువు కాదు. నీకే రాదు."

"అందుకే గదా నువ్వుండేది" అని నవ్వి, చెంబెడు నీళ్ళు తాగి, బయట బండి హారన్ వినపడగానే వెళ్ళాడు.

కొరియర్ తెచ్చిన పెట్టె రెండు చేతులా పట్టుకుంటే తప్ప లేవనంత బరువుంది. నైన్ రిడ్జెస్ అనే కొత్త ఫైటింగ్ గేము, దాని కలెక్టర్స్ ఎడిషన్. పంపిణీ చేసే హైదరాబాదు కంపెనీ ఫణికి పంపడం ఇదే మొదలు. పైన ఒక ఉత్తరం ఉంది. శుక్రవారం సాయంత్రానికి వీడియో రావాలని, గేముతో పాటు పెట్టెలోని ఎక్స్‌ట్రాల గురించి ప్రత్యేకంగా చెప్పాలని. ఫణి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇనుప డబ్బాలో డిస్కు, బొమ్మల పుస్తకం, జానెడు ఎత్తు బొమ్మ, కొండల పటం ముద్రించిన గుడ్డ, అన్నిటికీ అడుగున నురగ అచ్చులో కూర్చోబెట్టిన నల్లరాతి పలక. పలక మీద పిడికిలి ఎత్తిన ఆడమనిషి. వెనక కొండ, తల చుట్టూ మంటలు. గేములో ఆమె పేరు మోరా. రాతిగనిలో పనిచేస్తూ పోటీలకు వచ్చిన మనిషి.

ఉషారాణి పలకను ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో తట్టింది.

"ఏంది వదినా, కుండ బేరం చేస్తన్నావా?"

ఇంకోచోట తట్టింది. ఖంగున మోగాల్సిన రాయి, దుప్పటి కింద నుంచి పలికినట్టు మొద్దుగా పలికింది. వెనక్కి తిప్పింది. అడుగున అంటించిన ఆకుపచ్చ గుడ్డ ఎండకు ఒక మూల లేచి ఉంది. దాన్ని గోటితో కొంచెం లాగింది. రాతి మీద మేకుతో గీసిన గుర్తు ఉంది. రెండు నిలువు గీతలు, వాటిని కోస్తూ ఒక వాలు గీత, పక్కన చుక్క.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. పలకల షెడ్డులో పనిచేసే అన్నమ్మ చెక్కి ఇస్తే ఎనిమిదేళ్ళుగా మిక్సీ కింద ఉన్న నల్లబండను అంచు పట్టి పైకెత్తి చూసింది. అదే గుర్తు. రోజూ తుడుస్తుంది కాబట్టి గీతలు కొంచెం అరిగాయి, అంతే.

"ఫణీ, ఇది మన ఊరి రాయి. అన్నమ్మక్క చేతిది."

"పుస్తకంలో చూడు. మా స్టూడియో శిల్పులు చేత్తో చేసినారు అని రాసుంది."

"చేత్తోనే చేసింది" అంది ఉషారాణి.

మంగళవారం భర్త శేషగిరిరావు పెయింట్ల దుకాణానికి వెళ్ళాక, గిన్నెలు బోర్లించి ఆమె టీవీ ముందు కూర్చుంది. రికార్డింగ్ కాదు కాబట్టి చొక్కా వేసుకోలేదు. మోరాను తీసుకుని సాధన గదిలోకి వెళ్ళి, ఒక్కొక్క దెబ్బను విడివిడిగా కొట్టించింది. చిన్న పిడిగుద్దు వెంటనే తగులుతుంది. పెద్దది మొదలు కావడానికి సమయం తీసుకుంటుంది, ఆ లోపల అవతలివాడు ఒకటి వేసి పోవచ్చు. కొండచీల్పు అనే ప్రత్యేక దెబ్బ చూడటానికి గొప్పగా ఉంది. తప్పిపోతే మాత్రం మోరా రెండు చేతులూ నేలకు ఆనించి, వీపు చూపించి నిలబడిపోతుంది. అలా ఎంతసేపు నిలబడుతుందో ఇరవైసార్లు తప్పించి చూసింది. ఇరవైసార్లూ ఒకేలా ఉంటేనే రాసుకుంది.

తర్వాత పెట్టెలోని వస్తువులు. గుడ్డ పటం మూలను తడిపి, తెల్లటి చేతిరుమాలు మధ్య నొక్కింది. రుమాలుకు నీలం అంటింది. రాసింది. బొమ్మల పుస్తకాన్ని మధ్యకు తెరిచి వీపు పట్టుకుని చూసింది. దారం కుట్టు, జిగురు కాదు. అదీ రాసింది. జానెడు బొమ్మ కనుబొమ్మ రంగు కంటిలోకి కారింది. ఇనుప డబ్బా మూత బాగా కూర్చుంది, పప్పు పోసుకున్నా చీమ దూరదు. ఆ వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది.

పలక దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. తట్టి చూసింది నిజమే. కానీ ఎందుకలా పలికిందో తెలియకుండా రాయడం ఆమెకు చేతకాదు. పేజీ పైన ఎనిమిది అని నంబరు వేసి, కింద ఖాళీ వదిలింది.

బుధవారం పొద్దున పలకను, బొమ్మల పుస్తకాన్ని, నోటుపుస్తకాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని తర్లుపాడు రోడ్డులో ఉన్న పలకల షెడ్డుకు ఆటోలో వెళ్ళింది.

కోత యంత్రం రొదకు మాట వినపడదు. రేకుల కింద ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చున్నారు. అన్నమ్మ ఆ రొద కొంచెం తగ్గే ఈ చివర ఉంది. ఒక మోకాలు పైకెత్తి, రెండు కాళ్ళ మధ్య రాతిదిమ్మెను నిలబెట్టి, పలచని ఉలిని అంచున ఆనించి చెక్కసుత్తితో తట్టింది. మూడు తట్లు. ఆగి, తల కొంచెం వంచి విన్నది. మళ్ళీ రెండు తట్లు. రాయి పుస్తకం తెరుచుకున్నట్టు రెండు పొరలుగా విడిపోయింది. విడిపోయిన మొహం మీద అరచేయి రాసి పక్కన పెట్టాక గాని ఆమె తల ఎత్తలేదు.

"ఉషమ్మా! ఎండలో ఇంత దూరం?"

ఉషారాణి సంచిలోంచి పలక తీసింది. అన్నమ్మ దుమ్ము చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది. మూతి గుడ్డ గడ్డం కిందికి లాగి, బొమ్మను చూసి ఫక్కున నవ్వింది.

"ఈమా! మళ్ళా వచ్చిందా ఊరికి! వెయ్యి పలకలు చేసినాం ఈమెవి. ఎవురో ఇప్పటికీ తెలియదు. చెయ్యెత్తింది చూసి నేనైతే ఎలక్షన్ గుర్తనుకున్నా."

"గేములో మనిషి అక్కా. రాతిపని చేసే ఆమె."

"రాతిపనా? యాడ, చూపియ్యి."

ఫోనులో మోరా పోరాటం చూపించింది. అన్నమ్మ ఫోనును దగ్గరికి తెచ్చుకుని, రెప్ప వేయకుండా చూసింది. మోరా చెయ్యి తల మీదుగా వెనక్కి తీసుకుపోయి కొండచీల్పు దెబ్బ కొట్టింది.

"ఈమె రాయి ఎప్పుడూ కొట్టలేదు" అంది అన్నమ్మ. "భుజం నుంచి కొడతాంది చూడు. అట్ల కొడితే పదిగంటలకే చెయ్యి లేవదు. దెబ్బ ఈడ నుంచి రావాల." మణికట్టు ఆడించింది. "కొట్టినంక రాయి చేతిని వెనక్కి తంతది. ఈమె చెయ్యి ఆడనే ఉంది. రాయి తన్నదా ఈమెను?"

ఉషారాణి సంచిలోంచి నోటుపుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకుని రాసుకుంది. ఇరవైసార్లు చూసినా తనకు తట్టనిది అదే. దెబ్బ బరువుగా ఎందుకు అనిపించడం లేదో ఇప్పుడు తెలిసింది.

"అక్కా, దీన్ని తట్టి చూడు."

అన్నమ్మ తట్టింది. నవ్వు పోయింది. నీళ్ళ సీసా మూత తీసి, అంచు మీద రెండు చుక్కలు వేసింది. నీళ్ళు జారలేదు. సన్నటి గీతలా లోపలికి ఇంకిపోయాయి.

"పొర లోపల విడిపోతాంది. ఈ వానాకాలం దాటదు."

"ఎందుకని?"

అన్నమ్మ షెడ్డు అవతలి కొసకు ఒకసారి చూసింది. మేస్త్రీ యంత్రం దగ్గర నిలబడి ఉన్నాడు.

"బొమ్మ చెక్కినంక నీళ్ళతో కడుగుతాం. బాగా ఆరినంకనే నూనె పూయాల. అవి కార్తీకం వానలు. నాలుగు దినాలు పట్టేది. రెండో దినమే నూనె డబ్బా తెచ్చినాడు. ఆరలేదని చెప్పినాం. కంటైనర్ పోవాల అన్నాడు. లోపలి తడి లోపలే మూతపడింది."

"ఇది నేను చెప్తే నీ పనికి ఏమన్నా..."

అన్నమ్మ గుర్తు మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాసింది. "దీన్ని ఎవురు చేసినారని రాసినారు ఆ గేమువాళ్ళు?"

ఉషారాణి బొమ్మల పుస్తకం తెరిచి, తెలుగు చేసి చదివింది. స్టూడియో శిల్పులు అన్న దగ్గర అన్నమ్మ కనుబొమలు లేచాయి.

"శిల్పులంట" అని పక్కన కూర్చున్న ఆమెతో అంది. ఆ మాట నోళ్ళు మారుతూ వరస అంతా పోయింది. చివరి ఆమె దాకా నవ్వారు.

"చెప్పొచ్చో లేదో రేపు చెప్తా ఉషమ్మా" అని అన్నమ్మ మూతి గుడ్డ పైకి లాక్కుంది.

ఆ మధ్యాహ్నం ఉషారాణి ఎనిమిదో పేజీ నింపింది. ఫణి పదకొండు పేజీలూ చదివాడు. ఎనిమిదో పేజీ మీద అడ్డంగా గీత కొట్టాడు.

"వదినా, వాళ్ళు మొదటిసారి పంపినారు. పొర లేస్తది, తొందరలో చేసినారు అని చెప్తే మళ్ళా పంపుతారా? రాయి సూపర్ అని ఒక్క మాట అని వదిలేద్దాం."

"ఎనిమిదో పేజీ తీస్తే మిగతా పదీ తీయ్."

"అట్లంటే ఎట్ల?"

"అంతే." నోటుపుస్తకం అతని చేతిలోంచి తీసుకుని, వంటింట్లో పోపులపెట్టె పక్కన పెట్టింది.

శేషగిరిరావు అప్పుడే భోజనానికి వచ్చాడు. తమ్ముడు చెప్పింది అంతా విన్నాడు. పప్పులో నెయ్యి వేసుకుంటూ, "ఆ షెడ్డు వాళ్ళు మన దుకాణంలోనే నూనె కొంటారు ఉషా" అన్నాడు.

"తెలుసు."

"మన పేరు మీదకు వస్తుందేమో చూసుకో." రెండు ముద్దలు తిన్నాడు. అతనిదీ లెక్క తప్పనివ్వని తత్వమే. మూడో ముద్ద కలుపుతూ ఆగి, "పూర్తిగా ఆరిన రాతికే పూయమని డబ్బా మీదే ఉంటుంది. అమ్మేటప్పుడు నేనూ చెప్తా" అన్నాడు. ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు. సాయంత్రం దుకాణం నుంచి వస్తూ ఒక ఖాళీ డబ్బా తెచ్చి, రాతలు కనపడేట్టు వంటింటి గట్టు మీద పెట్టాడు.

గురువారమంతా ముందు గదిలో ఫణి తనే ఆడుతూ ఉన్నాడు. మోరా ఓడిపోయినప్పుడల్లా గేములో ఒక గంట మోగుతుంది. ఉషారాణి పిండి కలిపి, దోసెలు పోసి, అంట్లు తోమి, ఉతికిన బట్టలు ఆరేసేలోపు ఆ గంట ముప్పైసార్లకు పైగా మోగింది. ఆమె ముందు గదివైపు వెళ్ళలేదు.

సాయంత్రం అయిదింటికి అన్నమ్మ వచ్చింది. మొహం కడుక్కుని, ప్రార్థనకు కట్టే తెల్లచీర కట్టుకుని ఉంది. వంటింటి గడప దగ్గర పీట వేస్తే కూర్చుంది. టీ గ్లాసు చేతిలో తిప్పుతూ ఉంది గాని తాగడం లేదు.

"నిన్న నీకు సగమే చెప్పినా ఉషమ్మా."

ఉషారాణి పొయ్యి తగ్గించి ఎదురుగా కూర్చుంది.

"కడిగినంక పలకను అంచు మీద నిలబెట్టాల. నేల మీద, గోడకు ఆనించి. రెండు పక్కలా గాలి ఆడాల. మా షెడ్డులో నిన్న చేరిన మనిషికి కూడా తెలుసు అది. ఈ పలకలు మేము నిలబెట్టలేదు."

"మరి?"

"బొమ్మ చూసి మా వెంకటసుబ్బులమ్మ, ఈమె ఏ దేశం అమ్మవారో, తల చుట్టూ మంట చూడండి, కాళ్ళు తొక్కే నేల మీద పెట్టొద్దన్నది. అందరూ అవునన్నారు. బల్ల మీద గోనెపట్టా పరిచి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టినారు. మొదటి పలకకు బొట్టు కూడా పెట్టినారు."

ఉషారాణికి నవ్వు వచ్చింది. అన్నమ్మ మొహం చూసి ఆపుకుంది.

"నువ్వేమన్నావు?"

"నేను చర్చికి పోయే మనిషిని. మీ అమ్మవారు కాదు ఇది అని నేనంటే ఎట్లుంటది? పక్కపక్కన కూర్చుని పనిచేసేవాళ్ళం. వాళ్ళ మనసు నొచ్చుకుంటదని ఊరుకున్నా. అట్ల పెడితే తడి పోదని తెలిసి ఊరుకున్నా. మేస్త్రీ తొందర నిజమే. నాలుగు దినాలు ఆగినా అట్ల పడుకోబెడితే ఆరేవి కావు, అదీ నిజమే."

ఉషారాణి పోపులపెట్టె పక్కనున్న నోటుపుస్తకం వైపు చూసింది. ఎనిమిదో పేజీలో తప్పంతా మేస్త్రీదే. వాళ్ళకు మేలు చేస్తున్నానన్న ఊపులో, అడగాల్సిన ఇంకో ప్రశ్న అడగకుండానే రాసేసింది.

"ఇది చెప్పకుండా వదిలేస్తా అక్కా."

"ఎందుకు వదిలేసేది? చెప్తే మొత్తం చెప్పు. చెప్పకపోతే ఏమైతది? ఆ పలకలు ఏ దేశంలోనో పొరలు లేస్తాయి. మార్కాపురం రాయి ఇంతే అంటారు. రాయి ఏం చేసింది? దానికి ఆరే దారి మేమియ్యలేదు, టైము ఆయన ఇయ్యలేదు." ఒక గుక్క టీ తాగింది. "పొద్దున అందరినీ అడిగినా. వెంకటసుబ్బులమ్మ గంట సేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, బొట్టు పెట్టింది కూడా చెప్తారా అనింది. చెప్తారన్నా. చెప్పనీలే అనింది. మేస్త్రీకి కూడా చెప్పినా, రేపు చెప్తారు, నీ తొందర కూడా వస్తది అని."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? పన్నెండు మందిమి ఆయన ముందర నిలబడినాం. మేము లేకపోతే పొర ఆయన విప్పుతాడా?"

ముందు గదిలో గంట మోగింది.

"మరి ఎవురు చెప్పేది? ఆ పిల్లోడా?"

"ఎప్పుడూ ఫణే చెప్తాడు. నేను రాసిస్తా."

"ఆయప్ప ఆ రాయి తట్టి చూసినాడా?"

"లేదు."

"ఆ ఆట?"

ఉషారాణి ఎడమ మణికట్టు మీద సోమవారం వాచీ పట్టా కింద పొక్కిన చెమటకాయలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అన్నమ్మ వాటివైపు చూసి, గ్లాసు కింద పెట్టింది.

"పలక వెనక గుర్తుంది, దాని మీద గుడ్డ అంటించినారు. నువ్వొచ్చి ఆ గుడ్డ పీకినావు. బాగుంది. నీ పేరు యాడ రాసుంది ఉషమ్మా?"

లేచి, రేపు మధ్యాహ్నం అన్నం వేళకు వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

దీపం పెట్టే వేళ దాటకముందే ఉషారాణి ఎనిమిదో పేజీ చింపి, కొత్తగా రాసింది. ఒక పేజీ పట్టాల్సింది మూడు పేజీలు పట్టింది.

శుక్రవారం పదకొండింటికి ఫణి వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నల్లచొక్కా ఇస్త్రీ చేసి, వాచీ దాని మీద పెట్టి తెచ్చాడు.

"వదినా, నావల్ల కావట్లేదు. ఎనిమిదో పేజీ కూడా చెప్తా. కొంచెం మెత్తగా చెప్తా. నువ్వు ఆడు."

"ఆడతా. చెప్పేది కూడా నేనే."

"నువ్వా? కెమెరా ముందరా?"

"మొహం అవసరం లేదు. చేతులు చాలు. ఎప్పుడూ కనపడేవే కదా."

అతను కొత్త పేజీలు తీసుకుని అక్కడే నిలబడి చదివాడు. బొట్టు పెట్టిన దగ్గర ఆగాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు.

"ఇది నిజమేనా?"

"అన్నమ్మక్క వస్తుంది. అడుగు."

"వాళ్ళు మళ్ళా పంపరు వదినా, ఇది పెడితే."

"పంపకపోతే కొనుక్కుని ఆడదాం. గేము బాగుంది. అది కూడా రాశాను, చూడు."

ఫణి పేజీలు ఆమెకు ఇచ్చేసి, చొక్కా, వాచీ రెండూ తీసుకుపోయి తన గదిలో పెట్టి వచ్చాడు.

ఉషారాణి ఆకుపచ్చ నూలుచీరలో టీవీ ముందు కూర్చుంది. స్టీలు గిన్నె ఖాళీగా ఉంది. ఒక పక్క మిక్సీ కింది నల్లబండ, ఒక పక్క మోరా పలక పెట్టుకుంది. అన్నమ్మ మధ్యాహ్నం విరామంలో నేరుగా షెడ్డు నుంచి వచ్చింది, చేతులు కడుక్కుని పక్కన పీట మీద కూర్చుంది. ఫణి దీపం సరిచేసి, కెమెరాను కిందికి దించి, చేతుల మీద నిలిపాడు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"వదినా, కంట్రోలర్ కదిలిస్తే మైకులో గాజుల చప్పుడు పడతాంది."

"పడనీ."

అతను మూడు వేళ్ళు చూపించి, ఒక్కొక్కటే ముడిచాడు.

"నా పేరు ఉషారాణి" అంది ఆమె. "ఇన్నాళ్ళూ ఈ మూలన మీరు చూసిన చేతులు నావే. ఈరోజు నైన్ రిడ్జెస్ గురించి చెప్తాను. ముందు గేము, తర్వాత పెట్టె."

మోరాతో ఆడుతూ చెప్పింది. చిన్న దెబ్బ ఎంత వేగమో, పెద్ద దెబ్బ ఎక్కడ దెబ్బతింటుందో, కొండచీల్పు ఎప్పుడు వాడకూడదో. ప్రతి మీటకూ గాజులు సన్నగా కదిలాయి. ఎవరైనా ఆ చప్పుడు లెక్కపెట్టుకుంటే దెబ్బల వరస దొరికిపోతుందని ఆమెకు మధ్యలో తోచింది, ఆ మాటే అనేసింది. రాతిపని చేసే మనిషి భుజం నుంచి కొట్టదని, కొట్టిన చేతిని రాయి వెనక్కి తంతుందని చెప్పి, అది చెప్పింది ముప్పై ఏళ్ళుగా పలకలు విప్పుతున్న అన్నమ్మ అని చెప్పింది. గుడ్డ పటం రంగు పోతుందని, పుస్తకం కుట్టు గట్టిదని చెప్పింది. పలక దగ్గరికి వచ్చింది. వెనక గుడ్డ తీసి గుర్తు చూపించింది. తొందర గురించి చెప్పింది. వానల గురించి, అమ్మవారు అనుకుని నేల మీద నిలబెట్టకుండా పడుకోబెట్టిన పన్నెండు మంది గురించి, పెట్టిన బొట్టు గురించి, ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది. అన్నమ్మ తల వంచుకుని విన్నది, పొర విప్పే ముందు రాయిని విన్నట్టే.

"ఒక్క నిమిషం వదినా" అన్నాడు ఫణి కెమెరా వెనక నుంచి. రికార్డింగ్ నడుస్తోందన్న సంగతి మర్చిపోయినట్టున్నాడు. "పొర విడిపోయిందని చప్పుడుతో ఎట్ల తెలుస్తది?"

ఉషారాణి కంట్రోలర్ పక్కన పెట్టింది.

"నీకు కూడా అర్థమయ్యేట్టు చెప్తా, విను" అంది. "అక్కా, నువ్వు తట్టు."

అన్నమ్మ పీట ముందుకు జరుపుకుంది. ఉలి పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి కెమెరా కిందికి వచ్చింది. మొదట ఎనిమిదేళ్ళుగా మిక్సీ మోసిన బండను వేలి కణుపుతో తట్టింది. ఖంగుమన్న చప్పుడు గది దాటి వంటింటి దాకా పోయింది. అది పూర్తిగా ఆగేదాకా ఆమె చెయ్యి ఎత్తి ఉంచింది. తర్వాత మోరా పలకను తట్టింది.

ఫణి హెడ్‌ఫోన్ రెండు చేతులతో చెవులకు అదుముకున్నాడు. మైకును మెల్లగా పలక దగ్గరికి జరిపాడు.

"ఇంకొక్కసారి, అన్నమ్మక్కా" అన్నాడు.